గేటు బయట నిలబడ్డవాళ్ల సంగతి

2022 మార్చి 13 తెల్లవారుజామున ఇరాన్ ప్రయోగించిన బాలిస్టిక్ క్షిపణులు ఉత్తర ఇరాక్‌లోని ఎర్బిల్ నగరం మీద పడ్డాయి. సరిగ్గా పదకొండు రోజుల తర్వాత బాగ్దాద్‌లో ఇరాక్, యూఏఈ జట్ల మధ్య ప్రపంచకప్ క్వాలిఫయర్ జరగాలి. ఎన్నో ఏళ్ల నిరీక్షణ తర్వాత రాజధానికి దక్కిన మ్యాచ్ అది. ఎర్బిల్‌కీ బాగ్దాద్‌కీ మధ్య దూరం 300 కిలోమీటర్ల పైమాటే. అయినా ఫిఫా ఆ మ్యాచ్‌ను ఇరాక్ నుంచి తప్పించి తటస్థ వేదికకు పంపింది. జాంబియాతో స్నేహపూర్వక మ్యాచ్ మాత్రం మార్చి 18న బాగ్దాద్‌లోనే జరిగింది, ఇరాక్ 3-1తో గెలిచింది. క్వాలిఫయర్ 24న రియాద్‌లో ఆడారు. మర్నాడే అదే సౌదీ అరేబియాలో, జెడ్డాలోని అరామ్‌కో చమురు డిపో మీద యెమెన్ హూతీలు దాడి చేశారు. ఆ సమయానికి అక్కడ ఫార్ములా వన్ కార్లు సాధనలో ఉన్నాయి. డిపో నుంచి లేచిన నల్లటి పొగ ట్రాక్ దగ్గరికి కనిపించింది. డ్రైవర్లు అర్ధరాత్రి దాటేదాకా కూర్చుని పోటీపడాలా వద్దా అని తర్జనభర్జన పడ్డారు. చివరికి 27న రేసు జరిగింది.

రెండు నిర్ణయాలు తీసుకున్నది రెండు వేర్వేరు సంస్థలే. అందుకని ఫిఫాను ఒక్కదాన్నే తప్పుపట్టడం సబబు కాదు. కానీ ఒకే ప్రాంతంలో, రెండు వారాల తేడాలో, ఒకచోట 300 కిలోమీటర్ల అవతల పడ్డ క్షిపణి మ్యాచ్‌ను తరిమేస్తే, ఇంకోచోట కళ్లెదుట పొగ లేస్తున్నా పోటీ ఆగలేదు. ముప్పు ఎంత అన్నదొక్కటే ఇలాంటి తీర్పులను నడిపిస్తోందని నమ్మడం కష్టం.

యుద్ధం, అంతర్యుద్ధం, ఉగ్రవాదం నలిపేస్తున్న దేశాల్లో అంతర్జాతీయ ఫుట్‌బాల్ ఆడించవచ్చా అన్న ప్రశ్న మీద గత ఇరవై ఏళ్లలో వచ్చిన నిర్ణయాలను వరుసగా పెట్టి చూస్తే నాకు తేటతెల్లంగా కనిపించేది ఒకటే. భద్రత అన్నప్పుడు సమాఖ్యల లెక్కలో ముందుండేది బయటి నుంచి వచ్చే జట్టు, రిఫరీలు, అధికారులు. టికెట్టు కొనుక్కుని గేటు దగ్గర నిలబడ్డ స్థానికుడు ఆ లెక్కలో ఎక్కడో చివర ఉంటాడు. చనిపోతున్నవాళ్లలో ఎక్కువమంది మాత్రం అతనిలాంటివాళ్లే.

కాగితం మీద పద్ధతి సూటిగానే ఉంటుంది. మ్యాచ్ జరిగే చోట శాంతిభద్రతల బాధ్యత ఆతిథ్య దేశపు ఫుట్‌బాల్ సంఘానిది. ఆ దేశ ప్రభుత్వం హామీ ఇవ్వాలి. ఫిఫా గానీ, ఖండ సమాఖ్య గానీ పరిశీలకులను పంపుతుంది. స్టేడియం, హోటల్, విమానాశ్రయం, ఆస్పత్రి చూసి నివేదిక రాస్తారు. నచ్చకపోతే వేదిక మార్చే అధికారం పై సంస్థకు ఉంటుంది. ఈ కాగితం చుట్టూ ఇంకో నాలుగైదు చేతులు పనిచేస్తాయి. విదేశాంగ శాఖలు ఇచ్చే ప్రయాణ హెచ్చరికలు, బీమా కంపెనీల షరతులు, వచ్చే జట్టు ఇష్టాయిష్టాలు, రెండు ప్రభుత్వాల మధ్య ఉన్న పొరపొచ్చాలు, అన్నీ వచ్చి ఆ నివేదిక మీద వాలతాయి. ఏ స్థాయి ముప్పు ఉంటే మ్యాచ్ తరలిపోతుంది, ఎన్నాళ్లకు మళ్లీ పరిశీలిస్తారు, ఏమేం సరిచేస్తే తిరిగి వస్తుంది అన్నది మామూలు అభిమానికి అర్థమయ్యేలా ఎవరూ చెప్పరు. నిషేధం వచ్చిందన్న వార్త, ఎత్తేశారన్న వార్త, ఈ రెండే అతనికి చేరతాయి.

ఈ మొత్తం కథను ఒకే దేశంలో చూడాలంటే ఇరాక్‌ను చూడాలి.

1990లో కువైట్ ఆక్రమణ తర్వాత మొదలైన వెలి, 2003 అమెరికా దాడితో ఇంకో రూపం తీసుకుంది. 2007లో ఆసియా కప్ గెలిచిన జట్టుకు సొంత దేశంలో మైదానం లేదు. ఆ టోర్నీ సెమీఫైనల్లో జులై 25న దక్షిణ కొరియాను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించిన రాత్రి, బాగ్దాద్ వీధుల్లో సంబరాలు చేసుకుంటున్న జనం మధ్య రెండు కారు బాంబులు పేలాయి. 50 మంది దాకా చనిపోయారు. కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి, జట్టు కప్పు తెచ్చేదాకా బిడ్డను పూడ్చిపెట్టనని టీవీలో అనడం తాము చూశామని, ఫైనల్ ఆడాలా వద్దా అన్న సందిగ్ధం దానితో తీరిందని ఆటగాళ్లు తర్వాత చెప్పారు. నాలుగు రోజుల తర్వాత జకార్తాలో యూనిస్ మహ్మూద్ తలతో కొట్టిన గోల్‌తో సౌదీ అరేబియాను 1-0తో ఓడించారు. ఆ రోజు బాగ్దాద్‌లో వాహనాలను రోడ్డెక్కనివ్వలేదు. కారు బాంబులు రాలేదు. అయినా ఆనందం పట్టలేక గాల్లోకి కాల్చిన తూటాలు తగిలి కొందరు పోయారు. మ్యాచ్ ఎక్కడో ఇండోనేషియాలో జరిగినా, మరణం ఇరాక్‌లోనే జరిగిందన్న సంగతి తటస్థ వేదికే పరిష్కారమనేవారు ఒక్కసారి ఆగి ఆలోచించాల్సిన విషయం. మ్యాచ్‌ను తరలిస్తే విదేశీ జట్టు ప్రమాదం తప్పుతుంది. అభిమానుల గుంపు మాత్రం ఎక్కడున్నది అక్కడే, ఏ బందోబస్తూ లేకుండా, ఒక టీ కొట్టు ముందో కూడలిలోనో నిలబడి ఉంటుంది.

తర్వాతి పదేళ్లు తలుపు తీయడం, మూయడంగా సాగింది. 2009 జులైలో పాలస్తీనా జట్టు వచ్చి ఎర్బిల్‌లోనూ, బాగ్దాద్ అల్ షాబ్ స్టేడియంలోనూ ఆడింది. అల్ షాబ్ నిండిపోయింది. 2011 సెప్టెంబరు 2న ఎర్బిల్‌లో జోర్డాన్‌తో ప్రపంచకప్ క్వాలిఫయర్ జరిగింది. ఇరాక్ 0-2తో ఓడింది. మ్యాచ్ మధ్యలో కరెంటు పోయింది. ఆ తర్వాత ఆటలు మళ్లీ దోహాకు వెళ్లిపోయాయి. 2013 మార్చిలో స్నేహపూర్వక మ్యాచ్‌లకు అనుమతి వచ్చింది, బాగ్దాద్‌లో సిరియాతో ఆడారు. హింస పెరగడంతో జులైకల్లా ఆ అనుమతి పోయింది. గల్ఫ్ కప్ కోసమని బస్రాలో 65,000 మంది కూర్చునే స్టేడియం కట్టారు. 2013 జనవరి గల్ఫ్ కప్ బహ్రెయిన్‌కు పోయింది, 2014 టోర్నీ సౌదీకి పోయింది. అంత పెద్ద స్టేడియం కట్టుకుని, అతిథుల కోసం ఎదురుచూస్తూ కూర్చున్న ఊరి మనసు ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

బస్రా, ఎర్బిల్ అన్న పేర్లు తెలంగాణలో చాలా ఇళ్లకు పరిచయమే. జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్ వైపు నుంచి కూలి పనికి, కంపెనీ పనికి ఇరాక్ వెళ్లినవాళ్లున్నారు. అక్కడ బాంబు పేలిందన్న వార్త వచ్చినప్పుడల్లా ఫోన్ కలిసేదాకా ఊపిరి బిగపట్టుకున్న కుటుంబాలున్నాయి. అలాంటి ఇళ్లవాళ్లకు ఒక సంగతి బాగా తెలుసు. ఒక దేశం మొత్తాన్ని 'ప్రమాదకరం' అని ఒక్క ముద్రలో కుదించలేం. ఒక ఊళ్లో తుపాకులు మోగుతుంటే ఇంకో ఊళ్లో పెళ్లిళ్లు జరుగుతుంటాయి.

ఫిఫా ఆ సంగతిని కొంత ఆలస్యంగానైనా గ్రహించింది. 2017లో దేశం మొత్తానికి కాకుండా బస్రా, కర్బలా, ఎర్బిల్ అనే మూడు నగరాలకు స్నేహపూర్వక మ్యాచ్‌లు అనుమతించింది. జూన్ 1న బస్రాలో జోర్డాన్‌తో ఆట జరిగింది. 2018 మార్చి 16న ఆ మూడు నగరాల్లో అధికారిక మ్యాచ్‌లకు కూడా ఒప్పుకుంది. బాగ్దాద్‌ను అప్పటికి పక్కన పెట్టింది. నగరం వారీగా, మెట్టు మెట్టుగా, ముందు స్నేహపూర్వకం, తర్వాత అధికారికం అన్న ఈ పద్ధతి, నా దృష్టిలో, ఈ మొత్తం వ్యవహారంలో ఫిఫా చేసిన మంచి పని. అది కూడా చివరిదాకా నిలబడలేదు. 2019 అక్టోబరులో బస్రాలో హాంకాంగ్‌తో ఆడారు. ఆ నెలలోనే మొదలైన ప్రభుత్వ వ్యతిరేక ఆందోళనలు ఉధృతమయ్యాయి. నవంబరు 14న ఇరాన్‌తో మ్యాచ్ అమ్మాన్‌కు వెళ్లింది. ఆందోళనకారుల మీద నిజమైన తూటాలు పేలుతున్న రోజులవి. ఆ తరలింపును నేను తప్పుపట్టలేను.

ఇక 2023 జనవరి. గల్ఫ్ కప్ ఎట్టకేలకు బస్రాకు వచ్చింది. గల్ఫ్ దేశాల నుంచి వేలమంది అభిమానులు దిగారు. బస్రావాసులు వాళ్లను ఇళ్లకు పిలిచి అన్నం పెట్టారు. రెండు వారాలపాటు జట్ల మీద ఈగ వాలలేదు. జనవరి 19న ఇరాక్, ఒమన్ ఫైనల్. టికెట్లున్నవాళ్లూ లేనివాళ్లూ తెల్లవారకముందు నుంచే స్టేడియం గేట్ల దగ్గర పోగయ్యారు. తొక్కిసలాట జరిగింది. ప్రాణాలు పోయాయి, పదుల సంఖ్యలో గాయపడ్డారు. సాయంత్రం ఇరాక్ అదనపు సమయంలో 3-2తో గెలిచింది. దశాబ్దాలపాటు ఇరాక్‌ను దూరం పెట్టిన కారణం బాంబు. ఆ రోజు మనుషుల్ని చంపింది జనం రద్దీని అంచనా వేయని నిర్వహణ.

దీన్ని ఇరాక్‌కే పరిమితం చేయనక్కర్లేదు. 2022 జనవరిలో కామెరూన్‌లో ఆఫ్రికా కప్ జరిగినప్పుడు అందరి భయమూ ఇంగ్లీషు మాట్లాడే పశ్చిమ ప్రాంతాల వేర్పాటువాదుల గురించే. లింబే నగరంలో మ్యాచ్‌లు పెట్టడం మీద వాదోపవాదాలు జరిగాయి, సైన్యాన్ని దించారు. ఎనిమిది మంది చనిపోయింది మాత్రం రాజధాని యావుందేలో, కొత్తగా కట్టిన ఒలెంబే స్టేడియం దక్షిణ ద్వారం దగ్గర. జనవరి 24న కొమొరోస్‌తో మ్యాచ్ చూడ్డానికి వచ్చిన జనాన్ని ఒక గేటు వైపు మళ్లించారు. ఆ గేటు మూసి ఉంది. తెరిచి ఉండాల్సిన గేటు ఎందుకు మూశారో అర్థం కాలేదని ఆఫ్రికా సమాఖ్య అధ్యక్షుడు పత్రిస్ మొత్సెపే స్వయంగా అన్నారు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్ జింఖానా మైదానంలో క్రికెట్ టికెట్ల కోసం జరిగిన తోపులాట గుర్తున్నవారికి, ఒక్క గేటు ఎంత పని చేస్తుందో వివరించాల్సిన పని లేదు.

ముప్పు నిజంగా ఉగ్రవాదం నుంచే వచ్చినప్పుడు అది మైదానంలోకి రావడం అరుదు. దారి కాచి కొడుతుంది. 2010 జనవరి 8న ఆఫ్రికా కప్ ఆడటానికి టోగో జట్టు బస్సులో కాంగో వైపు నుంచి అంగోలాలోని కబిండాలో అడుగుపెట్టింది. కబిండా అంగోలా ప్రధాన భూభాగం నుంచి విడిగా పడి ఉన్న చమురు ప్రాంతం, అక్కడ వేర్పాటు ఉద్యమం ఏళ్లుగా నడుస్తోంది. సరిహద్దు దాటిన కాసేపటికే ముష్కరులు బస్సు మీద కాల్పులు జరిపారు. ఆటగాళ్లు సీట్ల కింద దూరారు. సహాయ కోచ్ అబాలో అమెలెతె, జట్టు మీడియా అధికారి స్టానిస్లాస్ ఒక్లూ చనిపోయారు. గోల్‌కీపర్ కోజోవి ఒబిలాలె ఆట జీవితం ఆ రోజుతో ముగిసింది. శవాలతో టోగో ఇంటిముఖం పట్టింది. అప్పుడు ఆఫ్రికా సమాఖ్య ఏం చేసింది? ప్రభుత్వం జోక్యం చేసుకుని జట్టును వెనక్కి పిలిచిందన్న కారణం చూపి, టోగోను తర్వాతి రెండు టోర్నీల నుంచి నిషేధించింది. ఫిఫా మధ్యవర్తిత్వంతో కొన్ని నెలలకు ఆ నిషేధం ఎత్తేశారు. ఆ నిర్ణయాన్ని తలుచుకుంటే ఇప్పటికీ మనసు మండుతుంది. బస్సులో రాకుండా విమానంలో రావాల్సిందని నిర్వాహకులు అనడంలో కొంత నిజం ఉండవచ్చు. చమురు రాజకీయం కోసం కబిండాను వేదికల జాబితాలో చేర్చినవాళ్లు మాత్రం ఏ జవాబూ చెప్పలేదు.

తెలుగు పాఠకులకు ఇలాంటిది క్రికెట్‌లో బాగా గుర్తుంటుంది. 2009 మార్చి 3న లాహోర్‌లో శ్రీలంక జట్టు బస్సు మీద దాడి జరిగింది. ఆరుగురు పోలీసులు, ఇద్దరు పౌరులు చనిపోయారు, ఆటగాళ్లు గాయాలతో బయటపడ్డారు. అక్కడా స్టేడియం చేరకముందే. పదేళ్లపాటు పాకిస్తాన్ తన సొంత టెస్టులను ఎక్కువగా యూఏఈలోని ఎడారి నగరాల్లో ఖాళీ కుర్చీల ముందు ఆడుకుంది. విమానం దిగినప్పటి నుంచి తిరిగి ఎక్కేదాకా ఉండే దారిని భద్రత అనాలని ఆ దాడి నేర్పింది. దిగడం కూడా సమస్యే కావచ్చు. 2024 అక్టోబరులో లిబియాతో ఆడటానికి వెళ్లిన నైజీరియా ఫుట్‌బాల్ జట్టు విమానాన్ని బెంఘాజీకి బదులు అల్ అబ్రక్ అనే చిన్న విమానాశ్రయంలో దించారు. పదిహేను గంటలకు పైగా ఆటగాళ్లు అక్కడే కుర్చీల మీద, నేల మీద పడుకున్నారు. చివరికి ఆడకుండానే తిరిగి వెళ్లిపోయారు. ఆఫ్రికా సమాఖ్య నైజీరియాకు 3-0 విజయం ఇచ్చి, లిబియాకు 50,000 డాలర్ల జరిమానా వేసింది. దేశం రెండు ప్రభుత్వాల కింద చీలి ఉన్నప్పుడు ఎవరి హామీని నమ్మాలన్న ప్రశ్న ఏ నిబంధనల పుస్తకంలోనూ తేలదు.

హామీ ఇచ్చే ప్రభుత్వం గట్టిగా నిలబడితే ఆట నడిపించవచ్చని చూపిన సందర్భాలూ ఉన్నాయి. 2001లో కొలంబియా కోపా అమెరికాకు ఆతిథ్యం ఇవ్వాలి. గెరిల్లాలు దేశ ఫుట్‌బాల్ సంఘం ఉపాధ్యక్షుడిని అపహరించి విడిచిపెట్టారు. టోర్నీ రద్దన్నారు, వాయిదా అన్నారు, మళ్లీ జరుగుతుందన్నారు. బెదిరింపులు వచ్చాయంటూ అర్జెంటీనా రాలేదు. టోర్నీ జరిగింది, కొలంబియా ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా కప్పు గెలిచింది. 2010 చివర్లో యెమెన్ ఏడెన్, అబ్యన్‌లలో గల్ఫ్ కప్ జరిపింది. అల్ ఖైదా భయంతో 30,000 మంది బలగాలను మోహరించింది. టోర్నీ ప్రశాంతంగా ముగిసింది. ఇంత సైన్యాన్ని దించి, ఊరిని కట్టడి చేసి ఆడిస్తే ఊరికి మిగిలేది ఏమిటని అడిగేవారికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. కానీ ఆ రెండు వారాలు ఏడెన్ జనం తమ ఊళ్లో విదేశీ జట్లను చూశారు. ఐదేళ్లు తిరక్కుండా వచ్చిన యుద్ధంలో ఆ స్టేడియం దెబ్బతింది. వాళ్లు చూసిన చివరి పెద్ద టోర్నీ అదే.

తటస్థ వేదిక ఒక్కోసారి తప్పదు. దాని బరువు ఎంతో చూడాలంటే ఉక్రెయిన్ వైపు తిరగాలి. షఖ్తార్ దొనెత్స్క్ క్లబ్బు 2009లో డొన్‌బాస్ అరీనా అనే అందమైన స్టేడియం కట్టుకుంది. 2014 మే తర్వాత అక్కడ ఒక్క మ్యాచ్ ఆడలేదు. ల్వీవ్, ఖార్కివ్, కీవ్, ఆ తర్వాత వార్సా, హాంబర్గ్, గెల్సెన్‌కిర్షెన్. 2023 నవంబరులో హాంబర్గ్‌లో బార్సిలోనాను 1-0తో ఓడించారు. తమ ఊరి పేరు చొక్కా మీద ఉంది, ఊరు మాత్రం వెయ్యి మైళ్ల అవతల, శత్రువు అధీనంలో ఉంది. జాతీయ జట్టు కూడా సొంత మ్యాచ్‌లను పోలండ్, జర్మనీ, చెక్, స్లొవాకియా, స్పెయిన్‌లలో ఆడుతోంది.

విచిత్రం ఏమిటంటే, అంతర్జాతీయ మ్యాచ్‌లు వద్దన్న ఆ దేశంలోనే దేశవాళీ లీగ్ నడుస్తోంది. 2022 ఆగస్టు 23న ప్రేక్షకులు లేకుండా, బాంబు షెల్టర్లు దగ్గర్లో ఉన్న మైదానాల్లో మొదలుపెట్టారు. మర్నాడు ల్వీవ్‌లో రూఖ్, మెటలిస్ట్ జట్లు ఆడుతుంటే సైరన్ మోగింది. ఆటగాళ్లు పరుగున షెల్టర్‌లోకి దిగారు. సద్దుమణిగాక పైకి వచ్చి కండరాలు వేడెక్కించుకుని మళ్లీ మొదలెట్టారు. మళ్లీ సైరన్. అలా నాలుగుసార్లు. తొంభై నిమిషాల మ్యాచ్ పూర్తవడానికి దాదాపు నాలుగున్నర గంటలు పట్టింది. మెటలిస్ట్ 2-1తో గెలిచింది. భద్రతకు ఇక్కడ ఒక కొలత కనిపిస్తుంది. షెల్టర్ ఎంత దూరం, అందులో ఎంతమంది పడతారు, సైరన్ మోగాక ఎన్ని నిమిషాల వ్యవధి ఉంటుంది. ఇవన్నీ లెక్కించదగినవి. విదేశీ జట్టును అక్కడికి రప్పించమని నేను అనడం లేదు, క్షిపణుల మధ్యకు ఎవరినీ పిలవకూడదు. కానీ ఇలా లెక్కగట్టి చెప్పే అలవాటు ఉన్నప్పుడే వద్దు అన్న మాటకూ విలువ ఉంటుంది.

పాలస్తీనాది ఇంకో రకం చిక్కు. జెరూసలేం పక్కన అల్ రామ్‌లో ఫైసల్ అల్ హుసేని స్టేడియం ఉంది. 2008 అక్టోబరు 26న అక్కడ జోర్డాన్‌తో 1-1గా ముగిసిన ఆట, సొంతగడ్డ మీద వాళ్ల తొలి అంతర్జాతీయ మ్యాచ్. 2015లో సౌదీ అరేబియా అక్కడ ఆడటానికి ఇష్టపడలేదు, మ్యాచ్ అమ్మాన్‌కు వెళ్లింది. ఇజ్రాయెల్ తనిఖీ కేంద్రాల గుండా వెళ్లాల్సి రావడం దాని వెనక ఉన్న రాజకీయం. 2019 అక్టోబరు 15న అదే సౌదీ జట్టు అల్ రామ్ వచ్చి ఆడింది. నాలుగేళ్లలో గోడ కదల్లేదు, తనిఖీ కేంద్రాలు పోలేదు. మారింది రియాద్ మనసు. అదే ఏడాది గాజా, వెస్ట్ బ్యాంక్ క్లబ్బుల మధ్య జరగాల్సిన కప్ ఫైనల్ మాత్రం గాజా జట్టులో చాలామందికి ఇజ్రాయెల్ అనుమతి ఇవ్వక ఆగిపోయింది. విదేశీయుడు రాగలిగిన మైదానానికి స్వదేశీయుడు రాలేకపోయాడు. 2023 అక్టోబరు తర్వాత సొంత మ్యాచ్‌లు కువైట్, దోహా, అమ్మాన్‌ల పాలయ్యాయి. 2025 ఆగస్టులో జాతీయ జట్టు మాజీ ఆటగాడు సులేమాన్ అల్ ఒబైద్ దక్షిణ గాజాలో సాయం కోసం వేచి ఉండగా ఇజ్రాయెల్ దాడిలో మరణించాడని పాలస్తీనా ఫుట్‌బాల్ సంఘం ప్రకటించింది. మ్యాచ్‌కు భద్రత ఉందా అన్న నివేదికల్లో ఆటగాడి బతుకుకు భద్రత ఉందా అన్న గడి ఉండదు.

ముప్పు దేశంలోనే ఉండిపోదు, జట్టు వెంట ప్రయాణిస్తుంది కూడా. 2023 అక్టోబరు నుంచి ఇజ్రాయెల్ సొంత మ్యాచ్‌లు ఎక్కువగా హంగరీలో ఆడుతోంది. 2024 సెప్టెంబరులో బెల్జియం తన సొంత మ్యాచ్‌నే, ఇజ్రాయెల్‌తో ఆడాల్సిందాన్ని, బ్రసెల్స్‌లో జరపలేమని హంగరీలోని డెబ్రెసెన్‌లో ప్రేక్షకులు లేకుండా ఆడింది. యుద్ధం బెల్జియంలో లేదు.

ఇది కొత్తేమీ కాదు. 1962 ఆసియా క్రీడల కోసం జకార్తా వెళ్లిన భారత ఫుట్‌బాల్ జట్టుకు కోచ్ మన హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరామ్ జట్టులో ఉన్నాడు. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు ఇండోనేషియా వీసాలు ఇవ్వకపోవడాన్ని భారత క్రీడా అధికారి జి.డి. సోంధి తప్పుపట్టారు. దాంతో జనం మన దౌత్య కార్యాలయం మీద పడ్డారు. మర్నాడే, సెప్టెంబరు 4న, దక్షిణ కొరియాతో ఫైనల్. లక్షమంది నిండిన స్టేడియం భారత్ పేరు వినగానే గగ్గోలు పెట్టింది. తలకు కుట్లు పడ్డ జర్నైల్ సింగ్‌ను రహీమ్ ముందు వరుసలో ఆడించాడు, అతను గోల్ కొట్టాడు. పి.కె. బెనర్జీ ఇంకోటి కొట్టాడు. 2-1తో స్వర్ణం మనది. సెనయాన్‌లోని ఆ స్టేడియంలోనే 45 ఏళ్ల తర్వాత ఇరాక్ ఆసియా కప్ గెలిచింది. రహీమ్ జట్టుకు అప్పుడు ఆడకుండా వచ్చేసే స్వేచ్ఛ ఉందా, వచ్చేస్తే ఏమయ్యేది అని అడిగినవారు లేరు. ధైర్యంగా ఆడిన జట్టును మెచ్చుకోవడంలో తప్పు లేదు. అలా ఆడి తీరాలని నియమం పెట్టడం వేరు.

ఆ ప్రశ్న ఇప్పుడు మళ్లీ మన గుమ్మంలోకి వచ్చింది. 2024 అక్టోబరు 1న ఇజ్రాయెల్ మీద ఇరాన్ క్షిపణులు ప్రయోగించింది. మర్నాడు తబ్రీజ్‌లో ట్రాక్టర్ క్లబ్బుతో ఆడాల్సిన కోల్‌కతా మోహన్ బగాన్ జట్టు వెళ్లలేదు. ఆసియా సమాఖ్య ఆ క్లబ్బు టోర్నీ నుంచి తప్పుకున్నట్టేనని తేల్చింది. 2025 సెప్టెంబరు చివర ఇస్ఫహాన్‌లో సెపహాన్‌తో మ్యాచ్‌కూ వెళ్లలేదు, తమ దేశాల ప్రయాణ హెచ్చరికలు చూసి విదేశీ ఆటగాళ్లు వెనుకాడారు. మళ్లీ అదే తీర్పు. ఇరాన్ క్లబ్బుల వైపు కూడా న్యాయం ఉంది. తమ ఊళ్లో తమ అభిమానుల ముందు ఆడే హక్కు వాళ్లకుంది, ప్రతి జట్టూ ఒక్కో సాకు చెబితే పోటీ నడవదు. అయినా ప్రాణభయంతో రాలేనన్న ఆటగాడిని ఎగవేతదారుతో సమానంగా చూడటం న్యాయం కాదు. ముందురోజు క్షిపణులు ఎగిరిన దేశానికి వెళ్లాలా అన్నది రేపు ఆడాల్సిన కుర్రాడు ఒంటరిగా తేల్చుకోవాల్సిన సంగతి కాకూడదు, ఆ నిర్ణయం బరువు సమాఖ్య మోయాలి.

మన దేశపు జట్టు కూడా తటస్థ వేదికల్లో ఆడింది. అఫ్గానిస్తాన్ సొంత మ్యాచ్‌లంటూ 2019లో దుషాన్బేకు, 2024 మార్చిలో సౌదీలోని అభాకు వెళ్లింది. 2013 ఆగస్టు 20న కాబూల్‌లో అఫ్గాన్ జట్టు పాకిస్తాన్‌ను 3-0తో ఓడించిన రోజు అఫ్గాన్ వీధులన్నీ పండగ చేసుకున్నాయి. పదేళ్ల తర్వాత ఇంట్లో ఆడిన మ్యాచ్ అది. ఇలాంటి రోజులు ఒక తరానికి ఒకటి రెండు వస్తే గొప్ప. హైతీ 2026 ప్రపంచకప్‌కు అర్హత సాధించిన సొంత మ్యాచ్‌లన్నీ దేశం బయటే ఆడింది. ముఠాల పాలైన పోర్టో ప్రిన్స్‌లో అడుగుపెట్టకుండానే కోచ్ సెబాస్టియన్ మిన్యే జట్టును నడిపించాడు. 1974 తర్వాత మొదటిసారి ప్రపంచకప్‌ అర్హత పొందిన జట్టును దాని ప్రజలు తెర మీదే చూశారు.

ఏ దేశాన్ని ప్రమాదకరమంటాం అన్నదీ చూడాలి. 2015 నవంబరు 13 రాత్రి పారిస్‌లో ఫ్రాన్స్, జర్మనీ ఆడుతుండగా స్తాద్ ద ఫ్రాన్స్ బయట ఆత్మాహుతి బాంబర్లు పేల్చుకున్నారు. ఆ రాత్రి నగరమంతటా 130 మంది చనిపోయారు. ఏడు నెలల్లో అదే స్టేడియంలో యూరో ప్రారంభమైంది. అక్కడే ఫైనల్ ఆడారు. 2016 మార్చిలో బాగ్దాద్‌కు దక్షిణాన ఇస్కందరియాలో స్థానిక మ్యాచ్ బహుమతుల దగ్గర ఆత్మాహుతి బాంబర్ పేల్చుకుని 30 మందికి పైగా చంపాడు. సొంతగడ్డ మీద క్వాలిఫయర్లకు అనుమతి కోసమే ఇరాక్ ఇంకో రెండేళ్లు ఆగాల్సి వచ్చింది. ఫ్రాన్స్ పోలీసు యంత్రాంగం ఇరాక్‌కు లేదన్నది నిజమే, ఆ తేడాను కొట్టిపారేయలేం. కానీ 2022 మేలో, రష్యా నుంచి తప్పించి పారిస్‌కు తెచ్చిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో, ఆ పోలీసులే టికెట్లున్న లివర్‌పూల్ అభిమానుల మీద గేట్ల దగ్గర బాష్పవాయువు ప్రయోగించారు. ముందు తప్పంతా ఆలస్యంగా వచ్చిన అభిమానులదే అన్నారు. స్వతంత్ర విచారణ ప్రధాన బాధ్యత యూరప్ సమాఖ్యదేనని తేల్చింది. అలాంటి విచారణ బస్రా తొక్కిసలాట మీద కూడా జరిగి, బయటికి వచ్చి ఉంటే ఎంత మేలు జరిగేదో.

2025 నవంబరు 18న అదే బస్రాలో, అదే యూఏఈతో, నిండిన స్టేడియంలో ఆట చివరి క్షణాల్లో వచ్చిన పెనాల్టీతో ఇరాక్ 2-1తో గెలిచి ప్రపంచకప్ ఆశ నిలబెట్టుకుంది. కాబట్టి ఇప్పుడు అడగాల్సింది ఆడించవచ్చా అని మాత్రమే కాదు, ఎలా తేల్చాలి అని. నగరం వారీగా తేల్చాలి, దేశం పేరు చూసి కాదు. కారణాలు రాతపూర్వకంగా బయటపెట్టాలి, పునఃపరిశీలన తేదీ ముందే చెప్పాలి. పరిశీలకుల బృందం హోటల్‌తో ఆపకుండా, గేట్ల వెడల్పు, మెట్లు, రాత్రి జనం ఇంటికి వెళ్లే దారి, ఊళ్లో పెద్ద తెరలు పెట్టే కూడళ్లు కూడా చూసి రాయాలి. తరలించక తప్పనప్పుడు ఆ ఖర్చును, పోయిన టికెట్ ఆదాయాన్ని నష్టపోయిన సంఘం మీద వేయకుండా ఫిఫా భరించాలి. యుద్ధం మొదలుపెట్టింది ఆ దేశపు ఫుట్‌బాల్ సంఘం కాదు.